మొదలూ కొసా

చెక్కకు తలా కాళ్ళూ ఉంటాయంటే ఈ రోజుల్లో జనం నవ్వుతారు. నవ్వనీ. మొన్న యాకుత్‌పురాలో మా దుకాణానికి ఒకాయన వచ్చి, సెల్‌ఫోన్‌లో అల్మారా బొమ్మ చూపించి, "గిది ఎన్ని రోజులల్ల అయితది అన్నా?" అన్నాడు. ప్లైవుడ్డు, దాని మీద అతికించే రంగు రేకు, గుప్పెడు మరలు. మూడు రోజులన్నాను. ప్లైవుడ్డుకు తలా ఉండదు, కాళ్ళూ ఉండవు. ఎటు తిప్పి కొట్టినా ఎవడూ ఏమీ అనడు. ఇంత అన్నం తింటున్నది దాని వల్లే, తిట్టకూడదు. కానీ దాని మొహం చూస్తే నాకు ఒళ్ళు మంట.

మా బాపు ప్లైవుడ్డు ముట్టకుండానే పోయాడు. ఆయనకు తెలిసినవి రంపం, బాడిస, చిత్రిక పట్టే రందా, ఉలులు. కరెంటుతో తిరిగేది ఏదైనా ఆయన లెక్కలో గిర్నీయే, జొన్నలు పట్టించుకోవడానికి పనికొస్తుంది అంతే. నేను మొదటిసారి డ్రిల్లింగ్ మిషన్ కొని తెచ్చిన రోజు, "గీ లొల్లి వెట్టేదాన్ని ఇంట్లకెందుకు తెచ్చినవ్‌రా?" అని అడిగి, రెండు రోజులు మొహం తిప్పుకుని తిరిగాడు. తాతల నాటి నుంచి మాది వడ్లపని, అంటే వడ్రంగం. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే, మా అమ్మ ఏడ్చింది గాని బాపు మాత్రం పీడ విరగడైందన్నట్టు నా చేతికి రందా ఇచ్చాడు.

ఇక ఆ తలా కాళ్ళ సంగతి. చెట్టు నేలలోంచి పైకి పెరుగుతుంది కదా. కోసి పలకలు చేసినా దూలాలు చేసినా, వేరు వైపుది మొదలు, ఆకాశం వైపుది కొస. దర్వాజా, అంటే ద్వారబంధం, చేసేటప్పుడు రెండు పక్కలా నిలబెట్టే నిలువు కర్రలకు మొదలు కిందికి ఉండాలి, కొస పైకి ఉండాలి. చెట్టు ఎట్లా నిలబడిందో ఇంట్లోనూ అట్లాగే నిలబడాలి. తలకిందులుగా పెడితే ఆ ఇల్లు తలకిందులవుతుందని పెద్దలు చెప్పారు. అందులో నిజమెంతో నాకు తెలియదు. వడ్లపని చేసేవాడు మాత్రం ఆ తప్పు చేయకూడదు. వంటకు ఉప్పు ఎంతో తెలియనివాడు వంటమనిషి ఎట్లా కాడో, మొదలూ కొసా తెలియనివాడు వడ్లాయన కాడు.

అది కనిపెట్టడం మాకు పెద్ద విద్యేమీ కాదు. కొమ్మ ఎప్పుడూ పైకే పుడుతుంది, కిందికి పుట్టదు. చెక్కలో కొమ్మ పుట్టిన చోట ఒక కన్ను ఉంటుంది, దాని తోక ఎటు వాలిందో అటు కొస. కన్ను లేకపోతే అరచేత్తో తడమాలి. మొదలు నుంచి కొసకు తడిమితే నార చేతికి లొంగుతుంది, ఎదురు తడిమితే పట్టుకుంటుంది. ఎనిమిదేళ్ళు నిండేసరికి నాకు ఇది వచ్చు. బడి నుంచి వచ్చి సంచి పడేసి, బాపు ముందు కళ్ళు మూసుకుని కర్రముక్కలు తడిమేవాణ్ణి. తప్పు చెబితే మూలమట్టం చూసే గునియాతో వేళ్ళ మీద ఒక్కటి వేసేవాడు.

నేను చెప్పబోయేది మూడేళ్ళ కిందటి మాట. అప్పటికి బాపు కళ్ళు పోతున్నాయి. ఒక కంటికి పొర తీయించాం, అది మసకగా మిగిలింది. రెండో కంట్లో ప్రెషర్ పెరిగిందన్నారు, చుక్కలు వేసినా ఆగలేదు. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "నాకు కండ్లెందుకుర? చేతులున్నయ్" అనేవాడు. పనులు నేనే తెచ్చి నేనే చేస్తున్నాను. ఆయన దుకాణం ముందు రేకుల కింద కూర్చుని ఉలులు నూరేవాడు, పీటలకు కాళ్ళు బిగించేవాడు. పొద్దు పోయేది గాని, మనిషికి లోపల ఎక్కడో వెలితి ఉందని నాకు తెలుస్తూనే ఉండేది.

అప్పుడు సైదాబాద్ నుంచి ఒక సేటు వచ్చాడు. వాళ్ళది పాత కిరాణా హోల్‌సేల్ వ్యాపారం, నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం. కొత్త ఇల్లు కడుతున్నాడు, గోడలు లేస్తున్నాయి. ఇంజనీరు ఇనుప దర్వాజా పెట్టమన్నాడట. సేటు భార్య ససేమిరా అన్నదట. తన అత్తగారింటి దర్వాజా చేసింది మా బాపు, తన ఇంటిదీ ఆయనే చేయాలని పట్టుబట్టింది. ఆమె కూడా వెంట వచ్చింది. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకుంటున్న మనిషి, మొహం బూడిద రంగులో ఉంది, అయినా నోరు మాత్రం గట్టిది.

"పెద్దయ్యా, దర్వాజ జర వెడల్పుగ వెట్టు. నాకు కాబోయే కోడలు బొద్దుగున్నది" అన్నది.

బాపు పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వి ఎన్ని నెలలైందో. "కోడలొక్కతేనా తల్లీ, మనుమల్ని ఎత్తుకోని వచ్చినా పట్టెటట్టు జేస్త" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను అన్నాను, "నేను జేస్త బాపు, నువ్వు పక్కన కూసొని చెప్పు" అని. మా మాటలంటే ఎప్పుడూ కొట్లాటే. ఆయన లేచి నిలబడి, "ఆ అమ్మ నన్నడిగింది, నిన్నడగలే. ఇదొక్కటి జేసి ఇగ ఇడిచిపెడ్త" అన్నాడు. ఆ మాట విన్నాక నేను ఏం అంటాను? సరేనన్నాను. టేకు తెప్పించాను. కలప అడితివాళ్ళు ఆటోట్రాలీలో తెచ్చి దుకాణం పక్కన గోడకు ఆనించి పోయారు.

బాపుకు ఒక పద్ధతి ఉంది. కర్ర రాగానే, కొలత తీయకముందే, మొదలు ఎటో చూసి ఆ చివరన ఎర్రమట్టి జాజు ముద్దలో బొటనవేలు ముంచి ఒక ఎర్రటి గుర్తు వేస్తాడు. ఆ తర్వాత ఇక చెక్కను అనుమానించడు. ఆ గుర్తు ఉన్న చివర కిందికి, అంతే. ఈసారి కూడా వేశాడు. నేను చూశాను, సరిగ్గానే వేశాడు. మర్నాడు నేను కిషన్‌బాగ్‌లో ఒక వంటింటి పనికి వెళ్ళాల్సి వచ్చింది, ఐదు రోజుల పని. ఆ ఐదు రోజుల్లో ఒకనాడు మధ్యాహ్నం వాన పడింది. పెద్ద వానేమీ కాదు, గంటసేపు జల్లు. గోడకు ఆనించిన వాటిలో బయటి వైపున్న నిలువు కర్ర తడిసింది. జాజు కరిగి పోయింది. రెండో చివరన అడితివాళ్ళు కొలత కోసం వేసుకున్న ఎర్ర పెయింటు మరక మాత్రం చెక్కుచెదరలేదు. కళ్ళున్నవాడికి అది పెయింటని ఇట్టే తెలుస్తుంది. బాపుకు ఎర్రగా కనిపించింది, చాలు. దాన్నే తన గుర్తనుకున్నాడు.

ఇదంతా నేను తర్వాత ఒక్కొక్కటీ కూడేసుకుని తెలుసుకున్నది. ఆ రోజుల్లో నాకేమీ తెలియదు. నాలుగో రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి దర్వాజా బిగింపు అయిపోయింది. చివరలను నాలుకల్లా చెక్కి, గడపలోని రంధ్రాల్లోకి కొట్టి, మేకు లేకుండా అతికించాడు. నూనె కూడా పట్టించాడు. నున్నగా మెరుస్తున్నది. గోడవారగా పడుకోబెట్టి దాని మీద పాత చద్దరు కప్పి ఉంది.

"ఒక్కసారి జూడరాదు?" అన్నాడు బాపు.

నా నడుము విరిగిపోతున్నది. పొద్దున్నుంచి కిషన్‌బాగ్ ఇంటావిడ అరలు ఎత్తు పెంచమంటుంది, దించమంటుంది, నాకు పిచ్చెక్కి ఉంది. "నీ పని నేను జూసేదేంది బాపు?" అని చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి పోయాను. ఆయన దాన్ని మెప్పుగా తీసుకున్నాడు. ఆ మెప్పు వెనక ఉన్నది బద్ధకం. చద్దరు ఎత్తి చూస్తే రెండు నిమిషాలు, ఒక్క రాత్రిలో సరిచేసుకునేవాళ్ళం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం.

దర్వాజా ఎత్తే రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకు ముహూర్తం. సైదాబాద్‌లో ఆ ఇంటి ముందు చిన్న షామియానా వేశారు. చుట్టాలు ఒక ముప్పై మంది. గడప వచ్చే చోట నవధాన్యాలు పోశారు. చెక్కకు పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, మామిడాకులు కట్టారు. ఆ ఒక్క గంట పూజ చేసే అయ్యగారి కంటే వడ్లాయన పెద్ద. సేటూ భార్యా బాపును కుర్చీలో కూర్చోబెట్టి కొత్త ధోవతి, కండువా, బియ్యం, తాంబూలం ఇచ్చి కాళ్ళు మొక్కారు. సేటు భార్య వంగలేక ఒక చేత్తో కుర్చీ పట్టుకుని మొక్కింది. బాపు ఆమె తల మీద చెయ్యి పెట్టి ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. ఆయన కంట్లో నీళ్ళు తిరిగాయి. కొత్త కండువాతోనే తుడుచుకున్నాడు.

నేను గోడకు ఆనించిన దర్వాజా పక్కన నిలబడి ఎత్తేవాళ్ళకు చోటు చూపిస్తున్నాను. మామిడాకులు జారాయని సరిచేయబోయి వంగాను. ఎడమ కర్ర మీద మోకాలి ఎత్తున ఒక కన్ను కనపడింది. పసుపు కింద దాని తోక కిందికి వాలి ఉంది.

ముందు నా కళ్ళే పొరపడ్డాయనుకున్నాను. బొటనవేలితో పసుపు తుడిచాను. కిందికే. అరచెయ్యి పెట్టి పైకి తడిమాను, నార పట్టుకున్నది. కిందికి తడిమాను, లొంగింది. కుడి కర్ర సరిగ్గా ఉంది, ఎడమది తలకిందులు.

"ఏం పెద్దయ్యా, టైమైతున్నది. ఎత్తుదమా?" అన్నాడు సేటు.

అప్పటికింకా ఎనిమిది నిమిషాలో తొమ్మిది నిమిషాలో ఉంది. ఆపండి అని ఒక్క మాట అంటే చాలు. కర్ర ఊడదీసి, కొత్త నాలుకలు చెక్కి, తిప్పి కొట్టడానికి పూట పడుతుంది. ముహూర్తం తప్పుతుంది, మళ్ళీ పెట్టుకోవచ్చు. కానీ అందరి ముందు ఎందుకు ఆపామో చెప్పాలి. అరవై ఏళ్ళు ఉలి పట్టిన మనిషి, ఇప్పుడే కాళ్ళు మొక్కించుకున్న మనిషి, మొదలేదో కొసేదో తెలుసుకోలేకపోయాడని చెప్పాలి. అది నేను చెప్పాలి. కొత్త ధోవతి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్న బాపు నా వైపు తిరిగి, "అంత సరిగ్గున్నదారా?" అని అడిగాడు.

"ఉన్నది బాపు" అన్నాను.

ఎత్తారు. కొబ్బరికాయ కొట్టారు. బాపు గుండ్రాయి దారం వేలాడదీసి నిలువు చూశాడు, నేను పక్కన నిలబడి అది సరిగ్గా ఉందని చెప్పాను. అందరూ భోజనాలకు పోయారు. కడుపులో మంటగా ఉందని చెప్పి మజ్జిగ తాగి లేచాను.

తర్వాత నాకు నేను చెప్పుకున్నవి చాలా ఉన్నాయి. ఈ కాలంలో ఎవడు చూస్తాడు, ఇంజనీరుకు తెలుసా, అయ్యగారికి తెలుసా. సగం సిటీలో ఇనుప దర్వాజాలే, వాటికి మొదలేది, కొసేది? వాళ్ళంతా చల్లగానే బతుకుతున్నారు కదా. పగలు ఈ మాటలు బాగానే పనిచేసేవి. సైదాబాద్ వైపు పని వస్తే మాత్రం ఏదో వంక చెప్పి ఒప్పుకునేవాణ్ణి కాదు. మా ఆవిడ అడిగింది, "ఏందయ్యా, అటుదిక్కు పులి కూసున్నదా?" అని. నేను ఆమె మీద అరిచాను.

నాలుగు నెలలు గడిచాయి. సేటు భార్య పోయింది.

ఆమె జబ్బు మనిషని అందరికీ తెలుసు. డాక్టర్లు ముందే చెప్పారని సేటే అన్నాడు. దర్వాజా పెట్టినా పెట్టకపోయినా పోయేదే. ఇది నాకు తెలుసు, ఇప్పటికీ తెలుసు. కానీ కబురు విన్న రోజు నేను దుకాణం షట్టరు దించి లోపల కూర్చుని ఏడ్చాను. ఆమె నాకు ఏమీ కాదు. ఒకే ఒక్కసారి మాట్లాడింది నాతో, మంచినీళ్ళు ఇవ్వమని.

పదో రోజున పోదామన్నాడు బాపు. వద్దని చూశాను, ఆటోలు దొరకవన్నాను, ఎండ అన్నాను. "ఆ తల్లి నా కాళ్ళు మొక్కింది, నేను పోవద్దా?" అని చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆటోలో తీసుకుపోయాను. అప్పటికి ఆయనకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. నా భుజం పట్టుకుని నడిచేవాడు. మెట్లెక్కి గుమ్మం దగ్గరికి రాగానే నా భుజం వదిలి, తన దర్వాజాను పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి ఎడమ కర్ర మీద పడింది.

నేను చూస్తూనే ఉన్నాను. ముందు ఊరికే పట్టుకున్నాడు, ఆసరాకు. తర్వాత చెయ్యి కొంచెం పైకి జరిపాడు. ఆగాడు. కిందికి జరిపాడు. వంగి మోకాలి ఎత్తున వెతికాడు, కన్ను దొరికింది, వేలితో దాని చుట్టూ రాశాడు. వెనక ఎవరో, "పెద్దాయనకు చూపు లేదు, పట్టుకొని తీస్కపోండ్రి" అన్నారు. బాపు గడప దాటి లోపలికి వచ్చి, సేటు ముందు చేతులు జోడించి కూర్చున్నాడు. సేటు ఏవో చెప్పుకుని ఏడుస్తుంటే తల ఊపాడు.

తిరుగు దారిలో ఆటో అతను అద్దంలోంచి చూసి, "చాచా కీ తబీయత్ ఠీక్ హై నా భాయ్?" అని ఆయన ఒంట్లో ఎట్లా ఉందో అడిగాడు. ఠీక్ అన్నాను. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాక బాపు అడిగాడు.

"నువ్వు జూడలేదా?"

"ఏంది బాపు?"

"ఎడమ కర్ర. మొదలు మీదికున్నది."

ఆ క్షణాన నాకు రెండే దారులు ఉన్నాయి. చూశానంటే, చూసి ఎందుకు చెప్పలేదంటాడు. నిన్ను చూసి జాలిపడ్డానని చెప్పాలి. అడకత్తెరలో పోకచెక్క అయ్యాను. నోట్లోంచి అబద్ధం దానంతట అదే వచ్చింది. "లేదు బాపు, నేను జూడలే. పసుపు రాసి ఉండె" అన్నాను.

బాపు నుదురు కొట్టుకున్నాడు. "పోయి సేటుకు జెప్పుదాం. ఊడదీసి మల్ల కొడ్త" అన్నాడు.

"ఇప్పుడెట్ల జెప్తవ్? పదోనాడు పోయి, సేటూ మీ దర్వాజ తలకిందులున్నదంటే, ఆమె సావు గిండ్లకెల్లే వచ్చిందనుకుంటరు. జన్మంత ఏడుస్తరు" అన్నాను. అది మాత్రం నిజమే. ఆయన ఆలోచించి, "గదీ నిజమే" అన్నాడు. నా వైపు తిరిగి, "నా కండ్లు పోయినయ్, నేను జూడలే. నీకు కండ్లున్నయ్. యాభై ఏండ్లకొచ్చినవ్. పక్కన నిలబడి గూడ జూడలేదంటే నీకు తెల్వలేదన్నట్టే కదా" అన్నాడు. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే బాగుండేది. "తప్పు నీది గాదు బిడ్డా, నేను సరిగ్గ నేర్పలే" అన్నాడు.

మర్నాడు పొద్దున్న చాయ్ తాగుతుంటే నన్ను పిలిచాడు. ముందు కర్రముక్కల కుప్ప పెట్టుకుని ఉన్నాడు. మూరెడు మూరెడు ముక్కలు, టేకు, వేప, మద్ది. మా ఆవిడ చేత దుకాణం వెనక నుంచి ఏరించాడట. "కూసో. కండ్లు మూసుకో. మొదలెటున్నదో జెప్పు" అన్నాడు.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏంది మామా, ముసలోడైనంక ఒకటో తరగతిల ఏస్తున్నవా?" అన్నది. నాకు నవ్వు రాలేదు. కూర్చున్నాను. ఏం చేయను మరి? అబద్ధం ఆడింది నేను, దాన్ని మోయాల్సింది నేనే.

ముక్క చేతిలో పెట్టగానే నాకు తెలిసిపోతుంది. మొదలు వైపు కాస్త బరువు తూగుతుంది, తడమడం కూడా అక్కర్లేదు. కానీ తెలియనట్టు నటించాలి. మొదటి రోజు పదింటిలో ఐదు తప్పు చెప్పాను. బాపు ప్రతిసారీ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చెక్క మీద నడిపించాడు. "ఇగో, ఇక్కడ పట్టుకుంటున్నది జూడు. తెలుస్తున్నదా?" నా వేళ్ళ మీద ఇప్పుడు గునియాతో కొట్టలేదు. ఎంత ఓపికగా చెప్పాడంటే, నా చిన్నప్పుడు ఏనాడూ నాకు అంత మెత్తగా చెప్పలేదు. రోజూ అరగంట. రెండో వారానికి మెల్లగా తప్పులు తగ్గించాను. ఇంకో పది రోజులు గడిస్తే అన్నీ సరిగ్గా చెబుదాం, ఆయన మనసు కుదుటపడుతుంది, అక్కడితో అయిపోతుందని నా ఎత్తు. "వస్తున్నదే బిడ్డా, వానికి వస్తున్నది" అని మా ఆవిడతో చెప్పుకునేవాడు. అన్నం కూడా కొంచెం ఎక్కువ తింటున్నాడు.

ఒక రోజు అట్లాగే కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. కిషన్‌బాగ్ ఇంటావిడే. పనయి నెలలు గడిచాక ఇప్పుడు అరల రంగు నచ్చలేదట, మార్చాలట. నాకు తిక్క రేగింది. "మీరే కదమ్మా చూసి ఒప్పుకున్నది, ఇప్పుడు మార్చమంటె ఎట్ల మారుస్త?" అని లేచి తిరుగుతూ అరుస్తున్నాను. బాపు పాఠం అయిందనుకుని ముక్కలు ఒక్కొక్కటి అందిస్తున్నాడు, గోడకు పెట్టమని. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చేతికి వచ్చిన ముక్కను వచ్చినట్టు గోడకు ఆనించి నిలబెడుతున్నాను. దేన్నీ చూడలేదు. నా ధ్యాసంతా ఆమెతో గొడవ మీదే ఉంది.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే బాపు గోడ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. నిలబెట్టిన ముక్కల్ని వరుసగా తడుముతున్నాడు. పది, పదకొండు ముక్కలు ఉంటాయి. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చి మళ్ళీ తడిమాడు. అప్పుడు చూశాను నేను కూడా. అన్నీ మొదలు కిందికి, కొస పైకి. ఒక్కటీ తప్పలేదు.

"లొల్లి వెట్టుకుంటనే నిలబెట్టినవ్" అన్నాడు.

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"దర్వాజ ఎత్తిననాడు జూసినవా?"

ఇక దాచడానికి ఏముంది. "జూసిన బాపు."

"ఎత్తినంకనా? ఎత్తక ముందా?"

ఆ ప్రశ్న వడ్లాయన తప్ప ఇంకెవరూ అడగరు. ఎత్తిన తర్వాత చూస్తే చేసేదేమీ లేదు. ఎత్తక ముందైతే ఆపొచ్చు. "ఎత్తక ముందే" అన్నాను.

"అంటే నేనడిగినప్పుడు నీకెర్కె."

"ఎర్కె."

ఆయన ఒక ముక్క మీద చెయ్యి పెట్టి అట్లాగే కూర్చున్నాడు. తిడతాడని చూశాను. చెయ్యెత్తి కొట్టినా బాగుండు. వీధిలో పాలబండి వచ్చింది, మా ఆవిడ గిన్నె తీసుకుని బయటికి పోయింది, తిరిగి వచ్చింది. తర్వాత గోడ పట్టుకుని లేచాడు. లేపబోతే నా చెయ్యి పక్కకు తోశాడు.

"మంచిదే" అన్నాడు. "పనైతే వచ్చింది నీకు."

అంత మాత్రమే అని లోపలికి పోయి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న నేను చాయ్ తాగి వచ్చి ముక్కల ముందు కూర్చున్నాను, పిలుస్తాడేమోనని. పిలవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదు. ఎండాకాలం దాకా బతికాడు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, కూరలో కారం ఎక్కువైందనేవాడు, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగేవాడు. నాతో మాటలు మానలేదు. ఉలులు మాత్రం ముట్టలేదు, చెక్క మాట ఎత్తలేదు.

దుకాణానికి ఎవరైనా వచ్చి, పెద్దాయనా నువ్వే చెయ్యాలి అంటే, "నా కొడుకున్నడు, వానికి పని మస్తు తెలుసు. వాణ్ణడుగుండ్రి" అనేవాడు. నా జన్మలో అంతకు ముందు ఆ మాట ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు. ఒకప్పుడు దాని కోసం ఏమైనా చేసేవాణ్ణి. ఇప్పుడు అది వినపడగానే మిషన్ ఆన్ చేసేవాణ్ణి. ఆ మోతలో ఇక ఏమీ వినపడదు.